పెద్దవయసు రోగుల సంరక్షణ మీద డాక్టర్లకు, నర్సులకు ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి

"జెరియాట్రిక్స్ (పెద్దవయసువాళ్ల వైద్యం) మీద ఒక ట్రైనింగ్ పెట్టండి" అని సూపరింటెండెంట్ గారో ప్రిన్సిపాల్ గారో మీతో అన్నారనుకుందాం. మీరు ఏరియా ఆసుపత్రిలో ఫిజీషియన్ కావచ్చు, నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ కావచ్చు, పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ కావచ్చు. మామూలుగా ఏం జరుగుతుందో అందరికీ తెలుసు: హాలు బుక్ చేస్తారు, నలుగురు స్పీకర్లు వస్తారు, స్లైడ్ల మీద స్లైడ్లు నడుస్తాయి, భోజనాలవుతాయి, సాయంత్రం సర్టిఫికెట్లు ఇస్తారు. మర్నాడు వార్డులోకి వెళ్తే మంచం మీద మగతగా పడి ఉన్న పెద్దాయన్ని చూసి అదే మాట వినిపిస్తుంది: "వయసైపోయింది కదండీ, అలాగే ఉంటారు." ఆ మాట వినిపించకుండా ఉండాలంటే ట్రైనింగ్ హాల్లో కంటే వార్డులో ఎక్కువగా జరగాలి, ఒక్కో పనిని చేతులతో చేయించాలి, చేస్తుంటే పక్కన ఎవరో ఒకరు నిలబడి చూడాలి. నేను కింద రాస్తున్నదంతా దీని చుట్టూనే ఉంటుంది.

ఇది స్పెషలిస్టుల పని కదా అనేవాళ్లుంటారు. మన దేశంలో జెరియాట్రిక్స్‌లో ఎండీ మొదలైంది 1996లో, మద్రాస్ మెడికల్ కాలేజీలో. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం వచ్చింది 2010-11లో, జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వార్డు, విడిగా ఓపీ ఉండాలని అందులో రాశారు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవాళ్లు పది కోట్ల పైన ఉన్నారు. ఇంతమందిని ఆ కొద్దిమంది స్పెషలిస్టులు చూడలేరు. రాత్రి రెండింటికి పెద్దావిడ మంచం దిగబోతుంటే అక్కడుండేది స్టాఫ్ నర్సు, ఊళ్లో కాళ్లవాపుతో వచ్చినాయన్ని ముందు చూసేది విలేజ్ క్లినిక్‌లో ఉండే ఎమ్మెల్‌హెచ్‌పీయో (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పల్లె దవాఖానా డాక్టరో. నేర్పాల్సింది వీళ్లకే.

ముందు మీ కేసు షీట్లు తీయండి

టాపిక్కులు పుస్తకంలోంచి ఏరకండి. గత నెలలో మీ మెడికల్, ఆర్థో వార్డుల్లో చేరిన 65 దాటినవాళ్ల కేసు షీట్లు ఒక ముప్పై తీసుకుని కూర్చోండి. ఒక్కో షీట్‌లో కొన్ని విషయాలు వెతకండి: చేరినప్పుడు మనిషి తెలివిగా, తికమక లేకుండా ఉన్నారా లేదా అని ఎవరైనా రాశారా, ఇంతకుముందు పడిపోయారా అని అడిగారా, యూరిన్ పైపు ఎందుకు వేశారో కారణం రాసి ఉందా, అది ఎన్నాళ్లు ఉంది, నిద్రమాత్ర ఎవరు మొదలుపెట్టారు, ఇంట్లో వాడే మందుల లిస్టు ఉందా, వచ్చినప్పుడు నడిచిన మనిషి డిశ్చార్జి రోజున నడిచారా. చాలా ఖాళీలు కనిపిస్తాయి, ఆ ఖాళీలే మీ సిలబస్. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి దాచండి, ట్రైనింగ్ అయ్యాక మళ్లీ ఇదే లెక్క తీయాలి.

వీలైతే ఒక రాత్రి డ్యూటీ పూర్తిగా వార్డులో కూర్చోండి. పగటి రౌండ్లలో కనబడనివి అప్పుడు కనబడతాయి, ఎవరికి దాహం వేస్తోంది, ఎవరు బాత్‌రూమ్‌కి వెళ్లడానికి భయపడి బిగపట్టుకుంటున్నారు, లైట్లన్నీ వెలుగుతుంటే ఎవరికి నిద్రపట్టడం లేదు అనేవి.

ఎవరిని పిలవాలి

ఒక బ్యాచ్‌లో పదిహేను నుంచి ఇరవై మంది చాలు. డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు, వీళ్లతో పాటు ఆయాలను, వార్డ్ బాయ్‌లను కూడా పిలవండి. ఆయాలను పిలవమంటే కొంతమంది మొహం చిట్లిస్తారు, పట్టించుకోకండి. పేషెంటు నిన్న సగం ఇడ్లీ తిన్నారా, అసలు తినలేదా, లేపి కూర్చోబెడితే ఒక పక్కకి ఒరిగిపోతున్నారా అన్నది అందరికంటే ముందు తెలిసేది ఆవిడకే.

అయితే ఒక చిక్కుంది. పెద్ద డాక్టరు గదిలో ఉంటే నర్సులు నోరు విప్పరు, నర్సులుంటే ఆయాలు విప్పరు. అందుకని ఐదుగురేసి చిన్న గుంపులు చేయండి, ప్రతి గుంపులో అన్ని రకాల వాళ్లూ ఉండాలి, మాట్లాడే వంతు కింది ఉద్యోగం నుంచి మొదలవ్వాలి. చివర్లో డాక్టరు మాట్లాడాలి. ఈ చిన్న నియమం మొదటి గంటలోనే చెప్పేయండి, చెప్పాక పాటించండి.

నాలుగు అంశాలు, అంతకంటే ఎక్కువ వద్దు

అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ ఫౌండేషన్, ఐహెచ్ఐ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్) అనే సంస్థలు కలిసి తెచ్చిన 'ఫోర్ ఎమ్స్' పద్ధతి ట్రైనింగ్‌కి మంచి చట్రం. పేషెంటుకి ఏది ముఖ్యం, మందులు, మనసు-మెదడు, నడక, ఇవీ ఆ నాలుగు. పెద్దవాళ్ల సమగ్ర సంరక్షణ మీద డబ్ల్యూహెచ్ఓ వాళ్ల ఐకోప్ హ్యాండ్‌బుక్ 2019లో వచ్చింది, ఉచితంగానే దొరుకుతుంది, అందులో చూపు, వినికిడి, తిండి కూడా ఉంటాయి. మొదటి బ్యాచ్‌కి నాలుగింటితోనే వెళ్లండి. ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం), ఇన్‌కాంటినెన్స్ (మూత్రం ఆపుకోలేకపోవడం), టీకాలు అన్నీ ముఖ్యమే, కానీ ఒకేసారి అన్నీ కుక్కితే ఏదీ చేతికి రాదు.

రోజంతా ఒకేసారి పెట్టకుండా, రెండు పూటలు హాల్లో, తర్వాత ఆరు వారాలు వార్డులో వారానికి ఒక గంట, ఇలా విడగొట్టండి. డ్యూటీలు సర్దడం కూడా తేలికవుతుంది.

మొదటి పూట: ఆ వయసు ఎలా ఉంటుందో చూపించండి

కళ్లజోడు అద్దాలకి వ్యాజిలిన్ రాయండి, చెవుల్లో దూది పెట్టండి, చేతులకి రెండు జతల గ్లౌజులు తొడగండి, మోకాళ్లకి క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టండి. ఇప్పుడు ఓపీ చీటీ తీసుకుని, క్యూలో నిలబడి, ఫార్మసీ దగ్గర వాళ్లు గబగబా చెప్పింది విని, స్ట్రిప్పులోంచి మాత్ర తీసి, ఏది పొద్దున వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో చెప్పమనండి. ఇరవై నిమిషాలు చాలు. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లు సగంలోనే విసుగు చెందుతారు.

ఇక్కడ ఆపేస్తే మాత్రం నష్టం. జాలి పుడుతుంది, "పాపం ముసలివాళ్లకి ఏమీ చేతకాదు" అనే అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. అందుకని వెంటనే కూర్చోబెట్టి ఒక్కటే ప్రశ్న వేయండి: మన ఆసుపత్రిలో ఏం మారిస్తే ఇదే మనిషి ఈ పని సొంతంగా చేసుకోగలరు? క్యూలో రెండు కుర్చీలు, మందుల కవరు మీద సూర్యుడు-చంద్రుడు బొమ్మలు, బోర్డు మీద పెద్ద అక్షరాలు, ఇలాంటివి వాళ్లే చెప్తారు. అందులో ఒకటి ఆ వారంలోనే చేసి చూపించండి.

మాటతీరు కూడా ఇదే పూటలో. "ఏయ్ ముసలాయనా", "బెడ్ నంబర్ తొమ్మిది" లాంటివి మానాలి, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు గారాబంగా మాట్లాడటం కూడా మానాలి. కోస్తాలో తాతగారు, మామ్మగారు అంటే బాగుంటుంది, తెలంగాణలో, సీమలో అవ్వా, తాతా అంటే దగ్గరగా ఉంటుంది, రిటైరైన టీచర్‌ని మాస్టారూ అంటే ఆయన మొహం వెలుగుతుంది. తెలియకపోతే "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడగమనండి. మొహం ఎదురుగా పెట్టి, వెలుతురులో, నిదానంగా, కీచుగా కాకుండా కొంచెం లావు గొంతుతో మాట్లాడటం సాధన చేయించండి, చెవుడు ఉన్నవాళ్లకి అరుపు కన్నా అదే బాగా అందుతుంది.

రెండో పూట: డెలీరియం, ఎక్కువ సమయం దీనికే

డెలీరియం అంటే జబ్బు వల్లో మందు వల్లో హఠాత్తుగా వచ్చే తికమక, మగత. నన్నడిగితే ట్రైనింగ్ మొత్తంలో ఒక్కటే నేర్పే వీలుంటే ఇదే నేర్పాలి. ఎందుకంటే ఇది ప్రాణం మీదకి తెచ్చే పరిస్థితి, చాలాసార్లు సరిచేయగలిగే పరిస్థితి, అయినా కళ్లెదుట ఉండగానే తప్పిపోతుంది. కేకలు వేసి సెలైన్ పీకేసుకునేవాళ్లు అందరికీ కనబడతారు. నిశ్శబ్దంగా, మగతగా, పిలిస్తే ఊ అని మళ్లీ కళ్లు మూసుకునేవాళ్లు ఎవరికీ కనబడరు, "చక్కగా పడుకున్నారు" అని హ్యాండోవర్‌లో చెప్పేస్తారు. ఈ రెండో రకం గురించి పదేపదే చెప్పండి.

గుర్తుపట్టడానికి ఫోర్‌ఏటీ అనే పరీక్ష నేర్పండి. రెండు నిమిషాల పని, దానికి ప్రత్యేక అర్హత అక్కర్లేదు. నాలుగు అంశాలు: ఒకటి, మనిషి ఎంత మెలకువగా ఉన్నారు; రెండు, వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఇప్పటి సంవత్సరం అడగడం; మూడు, నెలలు వెనక్కి చెప్పించడం; నాలుగు, నిన్నా మొన్నటితో పోలిస్తే హఠాత్తుగా వచ్చిన మార్పు, లేదా గంటగంటకీ మారే ప్రవర్తన. మొత్తం స్కోరు నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డెలీరియం ఉండొచ్చని అర్థం, డాక్టర్ని పిలవాలి.

మన దగ్గర చేసేటప్పుడు తడబడే చోట్లు ముందే చెప్పండి. చాలామంది పెద్దవాళ్లకి పుట్టిన తేదీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, అది చెప్పలేకపోవడం తికమక కిందికి రాదు. డిసెంబర్, నవంబర్ అని వెనక్కి చెప్పమంటే బడికి వెళ్లనివాళ్లు తెల్లమొహం వేస్తారు. వారాలు వెనక్కి అడిగితే, ఆదివారం, శనివారం, శుక్రవారం అని, ఎక్కువమంది చెప్పగలరు. ఇలా మార్చి అడిగినప్పుడు మార్చి అడిగామని షీట్‌లో రాయించండి, రేపు చూసేవాళ్లు కూడా అదే అడగాలి కదా. నాలుగో అంశం మాత్రం ఇంటివాళ్లని అడిగితేనే తెలుస్తుంది. "అమ్మ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా, ఈ రెండు రోజులుగానే ఇలా ఉందా?" అని అడగడం ప్రతి నర్సుకీ నోటికి వచ్చేయాలి.

రోల్‌ప్లే చేయించండి. ఒకరు నిన్న తుంటి ఆపరేషన్ అయిన మామ్మగారు, ఒకరు కోడలు, ఒకరు నర్సు. మామ్మగారు ప్రశ్న మధ్యలో కిటికీ వైపు చూడాలి, జవాబు సగంలో వదిలేయాలి. నర్సు దాన్ని గమనించి, డ్యూటీ డాక్టరుకి ఫోన్‌లో ఒక నిమిషంలో చెప్పాలి. "సార్, పేషెంటు డల్‌గా ఉన్నారు" అంటే లాభం లేదు. "నిన్న బాగా మాట్లాడారు, ఇవాళ పొద్దున్నుంచి మధ్యమధ్యలో మగత, వారాలు వెనక్కి చెప్పలేకపోతున్నారు, స్కోరు ఏడు, నిన్నటి నుంచి యూరిన్ తక్కువ" అని చెప్పగలగాలి.

కారణాలు వెతకడం తర్వాత. ఇన్‌ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, నీళ్లు తక్కువవడం, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలైన మందు, హఠాత్తుగా ఆగిన మందు. తెలంగాణలో పనిచేసేవాళ్లు ఇంకొకటి తప్పక అడగాలి: కల్లు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు, ఏళ్ల తరబడి తాగినాయన కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే కల్లు ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, ఒక్కోసారి ఫిట్స్. ఆడవాళ్లని కూడా అడగాలి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

చేయాల్సింది కూడా చేయించి చూపించండి: కళ్లజోడు పెట్టించడం, గోడ గడియారం కనిపించేలా మంచం తిప్పడం, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, అవసరం లేని యూరిన్ పైపు తీసేయడం, పగలు కూర్చోబెట్టి రాత్రి లైట్లు తగ్గించడం. చేతులు మంచానికి కట్టడం గురించి సూటిగా మాట్లాడండి, దానివల్ల గాభరా, గాయాలు పెరుగుతాయి. నిద్ర ఇంజక్షన్ మొదటి జవాబు కాకూడదు, తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే, అదీ చిన్న డోసుతో.

మతిమరుపు పరీక్షలో చదువు అడ్డురాకూడదు

పెద్దవాళ్ల మతిమరుపు మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ సర్వే ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉంది. అయితే మనం వాడే పరీక్షలు చదువుకున్నవాళ్ల కోసం తయారైనవి. వాక్యం రాయమంటారు, వందలోంచి ఏడేడు తీసేయమంటారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని గ్రామీణుల కోసమే హిందీలో ఒక పరీక్షను మలిచింది ఇందుకే. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం కూడా ట్రైనింగ్‌లో చెప్పదగినది, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించిందని అందులో తేలింది. మన మనుషుల మెదళ్ల గురించి మన ఊళ్లోనే జరిగిన పని ఇది.

వార్డులో, ఓపీలో నేర్పాల్సింది ముందుగా రోజువారీ పనుల గురించి ఇంటివాళ్లని అడగడం. ఒకటో తారీకున వచ్చే పింఛను డబ్బులు లెక్కపెట్టుకుంటారా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పారా, రేషన్ షాపు నుంచి ఒంటరిగా వస్తారా. ఏడాది కిందట చేసి ఇప్పుడు చేయలేకపోతున్నదేమిటి అన్నది అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న. జబ్బుల ముప్పు ముందే పసిగట్టడానికి ఆశా కార్యకర్తలు నింపే సీబాక్ ఫారంలో కూడా 60 దాటినవాళ్లకి ఇలాంటి ప్రశ్నలున్నాయి, నిలబడితే తూలుతున్నారా, స్నానానికి సాయం కావాలా, దగ్గరివాళ్ల పేర్లు మర్చిపోతున్నారా అని. వాటిని యాంత్రికంగా టిక్కు పెట్టకుండా మాటల్లో ఎలా రాబట్టాలో ఆశాలకు, ఎమ్మెల్‌హెచ్‌పీలకు చూపించండి.

పరీక్షకి ముందు చెవి వినిపిస్తోందా, గుబిలి నిండి ఉందా చూడాలి. దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది. "డిప్రెషన్ ఉందా" అంటే లేదంటారు. "అన్నం సయిస్తోందా, నిద్రపడుతోందా, మునుపు ఇష్టంగా చేసేవి ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా" అని అడిగితే మాటలు వస్తాయి.

మందుల సంచి

ఓపీకి వచ్చే పెద్దవాళ్లని ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మనండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, ఆయుర్వేదం, పక్కింటివాళ్లు ఇచ్చిన మాత్రలు కూడా. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఇద్దరిద్దరుగా ఒక్కో సంచి విప్పి బల్ల మీద పరిచి, ప్రతి మాత్రకీ "ఇది ఎందుకు, ఇంకా అవసరమా, ఈ వయసులో దీనివల్ల నష్టమేమిటి" అని రాయాలి. ఫార్మసిస్టు పక్కన ఉండాలి. ఈ సెషన్‌లో ఎవరికీ నిద్ర రాదు, ఎందుకంటే ప్రతి సంచిలోనూ ఏదో ఒకటి బయటపడుతుంది. వేరే వేరే బ్రాండ్ల పేర్లతో ఒకే మందు రెండుసార్లు, ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న నిద్రమాత్ర అల్ప్రాజోలం, జలుబుకని మొదలై ఆగని క్లోర్‌ఫెనిరమిన్, మోకాళ్ల నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, తిండి తగ్గినా డోసు తగ్గని షుగర్ మాత్ర గ్లిబెన్‌క్లమైడ్.

మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు ఇచ్చే గొలుసు కూడా బోర్డు మీద గీసి చూపించండి. బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చారు, కాళ్లు వాచాయి, వాపుకి మూత్రం ఎక్కువ చేసే ఫ్రూసిమైడ్ ఇచ్చారు, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచారు, చీకట్లో పడ్డారు. మొదటి మందు మార్చి ఉంటే మిగతావి ఉండేవే కావు. వయసు పెద్దవాళ్లకి వీలైనంతవరకు వద్దనే మందుల జాబితాల్లో బీర్స్ జాబితా పాతది, 1991లో మొదలైంది, 2023లో సవరించారు, దాంట్లోంచి మీ ఫార్మసీలో ఉన్న మందుల వరకే ఒక పేజీ చేసి వార్డులో అంటించండి.

ఒక హెచ్చరిక గట్టిగా చేయండి: ఒక్కసారిగా అన్నీ ఆపేయకూడదు. ఒకసారికి ఒక మందు, నిద్రమాత్రలైతే వారాల తరబడి మెల్లగా తగ్గించడం, నిర్ణయం డాక్టరుది. నర్సు పని కనిపెట్టి అడగడం, డాక్టరు పని ఆ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబివ్వడం.

నడక

మూడు మీటర్ల దూరం టేపుతో కొలిచి వార్డు నేల మీద గీత పెట్టండి, అది ఎప్పటికీ అక్కడే ఉండాలి. కుర్చీలోంచి లేచి, గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం 14 సెకన్లలో అవ్వకపోతే కాళ్లలో బలం గురించి ఆలోచించాలి, ఇది ఐకోప్‌లో ఉన్న కొలత. బీపీ పడుకోబెట్టి చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడాలి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే కళ్లు తిరగడానికి కారణం అక్కడే దొరికినట్టు. వీటిని ఒకరి మీద ఒకరు చేసుకున్నాక నిజమైన పేషెంట్ల మీద చేయించండి, పక్కన ఒక మనిషి ఆసరాగా ఉండి తీరాలి.

లేపి కూర్చోబెట్టడం, మంచం నుంచి కుర్చీకి మార్చడం ఆయాల చేత, ఫిజియో చేత డెమో ఇప్పించండి, డాక్టర్లు కూడా చేతులు వేయాలి. "బెడ్ రెస్ట్" అని అలవాటుగా రాసేముందు ఆలోచించమని అడగండి, పెద్దవయసులో పది రోజులు పడుకుంటే కండ ఎంత వేగంగా కరుగుతుందో ఫిజియో చెప్తారు. బాత్‌రూమ్ దాకా అందరూ కలిసి నడిచి వెళ్లండి: తడి నేల, పట్టుకోవడానికి ఏమీ లేని గోడ, మోకాళ్లు వంగనివాళ్లకి కింద కూర్చునే దొడ్డి. పట్టుకునే రాడ్డు ఒకటి బిగించడానికి ఎవరి సంతకం కావాలో అక్కడే తేల్చండి.

ఆయనకి ఏది ముఖ్యం, ఇంట్లో ఏం జరుగుతోంది

మన దగ్గర డాక్టరు కొడుకుతో మాట్లాడతారు, పెద్దాయన పక్కన కూర్చుని వింటుంటారు. ఈ అలవాటు మార్చడానికి ఒకే పద్ధతి, మొదటి ఐదు నిమిషాలు పేషెంటుతోనే. "ఆరోగ్యం బాగైతే ముందు ఏం చేయాలనుంది?" అని అడగండి. గుడికి నడిచి వెళ్లాలని ఒకరంటారు, పొలం గట్టు చూడాలని ఇంకొకరు, మనవరాలి పెళ్లి దాకా ఉంటే చాలని వేరొకరు. చికిత్స ఎంతవరకు అనేది ఆ జవాబుని బట్టి మారుతుంది.

ఆ తర్వాత కొంతసేపు ఇంటివాళ్లని బయటికి పంపి మాట్లాడటం నేర్పాలి. డబ్ల్యూహెచ్ఓ అంచనా ప్రకారం 60 దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకమైన వేధింపుకి గురవుతున్నారు. "ఇంట్లో అన్నం వేళకి పెడుతున్నారా, మీ పింఛను మీ చేతికే వస్తోందా, ఎవరైనా చేయి చేసుకుంటారా" అని ప్రశాంతంగా అడగాలి. అదే సమయంలో, ఏళ్లుగా ఒంటిచేత్తో చాకిరీ చేస్తున్న కోడలినో భార్యనో కూడా "మీరెలా ఉన్నారు" అని అడగాలి, చాలా ఇళ్లలో అలసటే నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. పెద్దల హెల్ప్‌లైన్ నంబరు 14567 అని, తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 నాటి చట్టం కింద పోషణ కోసం ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చన్న సంగతి ప్రతి వార్డులో రాసి ఉండాలి.

నేర్పేవాళ్లను తయారుచేయండి

మీరొక్కరే ఎన్నాళ్లు నేర్పుతారు? ప్రతి వార్డు నుంచి ఇద్దర్ని ఎంచుకోండి, ఒక్కరైతే బదిలీ అయిన రోజున అంతా ఆగిపోతుంది. ఎంచుకునేటప్పుడు సీనియారిటీ చూడకండి, జూనియర్లు డౌట్లు ఎవరిని అడుగుతున్నారో చూడండి.

వాళ్లకి మంచం పక్కన ఐదు నిమిషాల్లో నేర్పే పద్ధతి ఇవ్వండి. 1992 నుంచి వాడుకలో ఉన్న 'వన్ మినిట్ ప్రిసెప్టర్' ఇది: ముందు "మీకేమనిపిస్తోంది?" అని అడగాలి, "ఎందుకలా అనుకున్నారు?" అని కారణం రాబట్టాలి, ఒక్క సూత్రం చెప్పాలి, బాగా చేసింది ఏమిటో చెప్పాలి, సరిచేసుకోవాల్సింది చెప్పాలి. పేషెంటు ముందు తిట్టడం ఉండకూడదు. మన బోధనలో తిట్టు ఎక్కువ, చూసి చెప్పడం తక్కువ, అందుకే జూనియర్లు తెలియనిది దాచిపెడతారు, దాని నష్టం పేషెంటు భరిస్తారు.

కాలేజీ ట్యూటర్లు పరీక్షలో కూడా దీన్ని పెట్టాలి. ఓఎస్‌సీఈలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్షలో) రెండు స్టేషన్లు చాలు, ఒకటి డెలీరియం గుర్తించి డాక్టరుకి ఫోన్ చేయడం, ఇంకోటి మందుల సంచి. పేషెంటుగా నటించడానికి మీ ఊరి పెన్షనర్ల సంఘం వాళ్లని అడిగి చూడండి, రిటైరైన టీచర్లు, ఉద్యోగులు సంతోషంగా వస్తారు, స్టూడెంట్ ఎలా మాట్లాడిందో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ మాట మార్కుల కంటే బాగా గుర్తుంటుంది.

ఇంకా లోతుగా చదవాలనుకునే ఎంబీబీఎస్ డాక్టర్లకి ఇగ్నోలో జెరియాట్రిక్ మెడిసిన్ పీజీ డిప్లొమా ఉంది. ఎండీ చేయాలనుకునేవాళ్లు మద్రాస్ మెడికల్ కాలేజీ, ఢిల్లీ ఎయిమ్స్ వైపు చూడాలి, జాతీయ వార్ధక్య కేంద్రాలు కూడా ఆ రెండు చోట్లే పెట్టారు.

మూడు నెలల తర్వాత

"సెషన్ ఎలా ఉంది" అనే ఫీడ్‌బ్యాక్ ఫారాల మీద ఎక్కువ ఆధారపడకండి, భోజనం బాగుంటే అందరూ బాగుందనే రాస్తారు. మొదట దాచిన కాగితం తీసి, మళ్లీ ముప్పై కేసు షీట్లు, అవే ప్రశ్నలు. ఫోర్‌ఏటీ స్కోరు ఎన్నింటిలో ఉంది, కారణం లేని యూరిన్ పైపులు తగ్గాయా, మందుల లిస్టు ఉందా, నడిచి వచ్చినవాళ్లు నడిచి వెళ్లారా. పక్కపక్కన రెండు అంకెలు వేసి డ్యూటీ రూమ్ గోడకి అంటించండి, పెరగనివి కూడా దాచకుండా.

పెరగని చోట మనుషుల్ని నిలదీసే ముందు అడ్డేమిటో చూడండి. ఒక్కోసారి నర్సుకి తెలుసు, చేయాలనీ ఉంది, కానీ రాత్రి నలభై మందికి ఒక్కరే ఉంటారు. అప్పుడు ఇంకో ట్రైనింగ్ పెట్టినా ఉపయోగం ఉండదు, ఆ అంకెలే పట్టుకుని సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లి రాత్రి షిఫ్టుకి ఇంకో మనిషిని అడగాలి. ఒక్కోసారి ఫారం కేసు షీట్‌లో లేకపోవడమే అడ్డు, దాన్ని అడ్మిషన్ షీట్ మీదే అచ్చు వేయిస్తే పని జరిగిపోతుంది. కొత్తగా చేరే ప్రతి నర్సుకీ, హౌస్ సర్జన్‌కీ మొదటి వారంలోనే, నేర్పడానికి ఆ వార్డు నుంచి ఎంచుకున్న ఇద్దరిలో ఒకరు ఫోర్‌ఏటీ చేసి చూపించి, వాళ్ల చేత చేయించి, సంతకం పెట్టే రిజిస్టర్ ఒకటి హెడ్ నర్సు టేబుల్ మీద ఉంచండి.